పాత కార్లకు డిస్క్ బ్రేకులు: కర్నూలు, కడప ప్రాంతంలో డ్రమ్ బ్రేకుల మార్పిడి

డ్రమ్ బ్రేకులతో తయారైన పాత కారుకో జీపుకో తర్వాతి కాలపు డిస్క్ బ్రేకులు అమర్చడాన్ని డిస్క్ మార్పిడి అంటారు. ఎక్కువగా ముందు రెండు చక్రాలకే ఈ పని చేయిస్తారు, వెనక డ్రమ్ములను అలాగే ఉంచుతారు. కర్నూలు, కడప ప్రాంతంలో ఈ పని అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకూ, మహీంద్రా పాత జీపులకూ వర్తిస్తుంది. చక్రానికి డ్రమ్ము తీసి డిస్కు పెట్టడంగా బయటికి కనిపించినా, ఇందులో నిజంగా మారేది పెడల్ నుంచి చక్రం దాకా ఉన్న మొత్తం హైడ్రాలిక్ వ్యవస్థ. ఆ సంగతి మరచి చేసిన మార్పిడి పాత డ్రమ్ము కంటే ప్రమాదకరం.

పాత బండ్లు, పాత బ్రేకులు

కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉంది. ఆ మూడేళ్ల కాలపు హిందుస్థాన్ లాండ్‌మాస్టర్, ఫియట్ 1100 వంటి కార్లన్నిటికీ నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. 1958 నుంచి ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారుకు భారతీయ రూపం. మొదట ఫియట్ 1100 డిలైట్‌గా 1964లో వచ్చిన కారే 1970లలో పద్మిని అయింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ 1961లో వచ్చింది. ఇవన్నీ డ్రమ్ బ్రేకుల బండ్లే. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. దాని చివరి తరం మోడళ్లకు కంపెనీయే ముందు చక్రాలకు డిస్కులు, కాలి బలాన్ని పెంచే బూస్టర్ అమర్చింది.

ఐరోపాలో డిస్క్ బ్రేకు ఆలోచన చాలా పాతది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. డన్‌లప్ డిస్కులున్న జాగ్వార్ సీ-టైపు కారు 1953 ల మాన్ పందెంలో గెలవడంతో అందరి చూపూ దానిమీద పడింది. 1955లో సిట్రోయెన్ డీఎస్, మరుసటి ఏడు ట్రయంఫ్ టీఆర్3 ముందు డిస్కులతో మార్కెట్లోకి వచ్చాయి. మన దేశంలో పోటీ లేని మార్కెట్ కావడంతో అంబాసిడర్, పద్మిని ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు డ్రమ్ములతోనే నడిచాయి. విడిభాగాలకు మాత్రం లోటు రాలేదు. మద్రాసులో 1962లో స్థాపించిన బ్రేక్స్ ఇండియా గర్లింగ్ పరిజ్ఞానంతో బ్రేకులు తయారుచేసింది.

డ్రమ్ము ఎక్కడ చాలుతుంది, ఎక్కడ చాలదు

డ్రమ్ములో పెడల్ తొక్కితే వీల్ సిలిండర్ రెండు షూలను బయటికి నెడుతుంది. తిరిగే డ్రమ్ము తన దిశలో ఉన్న షూను తనతోపాటు లాక్కుపోయి ఇంకా గట్టిగా అదుముతుంది. ఈ స్వయం బిగింపు వల్లే బూస్టర్ లేకుండా ఒక మోస్తరు కాలి బలంతో టన్నుకు పైగా బరువున్న కారును ఆపగలిగేవారు. అంబాసిడర్ ముందు చక్రాల్లో రెండు షూలూ ఇలా బిగిసేలా రెండేసి వీల్ సిలిండర్లు ఉంటాయి.

కాబట్టి డ్రమ్ము బ్రేకు పట్టదన్న మాట పూర్తిగా సరికాదు. షూల మీది లైనర్లు బాగుండి, షూలు సరిగ్గా సర్దిన డ్రమ్ములు అరవై కిలోమీటర్ల వేగంలో చక్రాలను లాక్ చేయగలవు. చక్రం లాక్ అయ్యాక బండిని ఆపేది టైరు, రోడ్డు. అందుకే చల్లగా ఉన్న బ్రేకుతో వేసే మొదటి ఆపులో డిస్కు అద్భుతాలేమీ చేయదు. తేడా తెలిసేది వేడి దగ్గర.

బ్రేకు పని బండి కదలికలోని శక్తిని వేడిగా మార్చడం. మనుషులతో కలిపి 1,500 కిలోల బరువున్న అంబాసిడర్‌ను 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆపితే సుమారు 370 కిలోజూళ్ల వేడి పుడుతుంది. అదే కారు 250 మీటర్ల ఎత్తు నుంచి వేగం పెరగకుండా కిందికి దిగితే వదిలించుకోవలసిన శక్తి 3,700 కిలోజూళ్ల దాకా ఉంటుంది. అంటే అలాంటి ఆపులు పది. తిరుమల నుంచి తిరుపతికి ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. అక్కడ ఆ లెక్క ఇరవై ఎనిమిది ఆపులకు చేరుతుంది. గేరులో దిగితే ఇంజిన్ ఇందులో పెద్ద భాగం మోస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి డీజిలు మిగిలిందనుకునేవారి బ్రేకులే మొత్తం మోయాలి.

కర్నూలు, కడపల నేల చాలావరకు చదునే. కర్నూలు నుంచి నంద్యాల, కుందూ లోయ వెంబడి ప్రొద్దుటూరు వైపు సాగే దారుల్లో డ్రమ్ములకు పరీక్షే లేదు. కానీ ఈ చదును నేలను కొండలు చుట్టుముట్టి ఉన్నాయి. ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు, నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల కనుమలు దాటాలి. కడప నుంచి రాయచోటి వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారిపై గువ్వలచెరువు ఘాట్ ఉంది. పాలకోవాకు పేరుపొందిన ఆ చోటు లారీ ప్రమాదాలకూ పేరుమోసింది. ఎండాకాలంలో 43 డిగ్రీలు దాటే గాలిలో బ్రేకులు చల్లబడటం కొంచెం నెమ్మదిస్తుంది.

వేడెక్కిన డ్రమ్ములో రెండు సంగతులు జరుగుతాయి. లైనర్ ఉష్ణోగ్రత 300 డిగ్రీల దరిదాపులకు చేరేసరికి సాధారణ లైనర్ల రాపిడి గుణం పడిపోతుంది. స్వయం బిగింపు ఆ గుణం మీదే ఆధారపడింది కనుక, రాపిడి కొంచెం తగ్గినా బ్రేకు బలం చాలా తగ్గుతుంది. మరోపక్క పోత ఇనుప డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూలకు దూరమవుతుంది. తొమ్మిది అంగుళాల డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం దాదాపు అర మిల్లీమీటరు పెరుగుతుంది. డ్రైవరుకు ఇది పెడల్ లోపలికి పోవడంగా తెలుస్తుంది. డిస్కు కూడా వ్యాకోచిస్తుంది, కానీ దాని మందం రెండువైపులా అదిమే ప్యాడ్ల వైపే పెరుగుతుంది. పెడల్ ఎత్తు మారదు. పైగా డిస్కు రెండు ముఖాలూ గాలికి తెరిచి ఉంటాయి కాబట్టి వేడి తొందరగా వదిలిపోతుంది.

నీటి విషయంలోనూ డిస్కుదే పైచేయి. రాయలసీమలో వాన తక్కువే అయినా, పడినప్పుడు వంకలు ఒక్కసారిగా పొంగుతాయి. వంక దాటిన బండి డ్రమ్ముల్లోకి నీళ్లు చేరితే, పెడల్ పదేపదే తొక్కి లైనర్లు ఆరబెట్టుకునే దాకా బ్రేకు ఉండదు. డిస్కు మీది తడిని ప్యాడ్లు ఒకటి రెండు తిరుగుళ్లలో తుడిచేస్తాయి. దుమ్ము సంగతి అంత తేలికగా తేలదు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీల ధూళి డ్రమ్ములో చేరితే అక్కడే ఉండి డ్రమ్మును గీస్తుంది. డిస్కు మీద పడిన ధూళి రాలిపోతుంది గానీ, ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ జారే పిన్నుల రబ్బరు తొడుగులు చిరిగితే లోపల చేరి పిన్నులను పట్టేస్తుంది. అప్పుడు ఒకవైపు ప్యాడ్ మాత్రమే అరుగుతుంది.

లైనర్లు, ప్యాడ్లు, కడప ఖనిజాలు

బ్రేకు పదార్థాలకూ కడప నేలకూ ఉన్న సంబంధం చాలామంది గమనించనిది. పాత లైనర్లలో వేడికి కాలని నారగా ఆస్బెస్టాస్ వాడేవారు. పులివెందుల ప్రాంతంలో, లింగాల వైపు బ్రాహ్మణపల్లె చుట్టూ, వేంపల్లె డోలమైటు శిలల్లోకి డోలరైటు చొచ్చుకువచ్చిన చోట తెల్ల ఆస్బెస్టాస్ పొరలున్నాయి. ఊపిరితిత్తుల వ్యాధులకూ క్యాన్సర్‌కూ కారణమవుతుందని తేలడంతో దేశంలో ఆస్బెస్టాస్ గనులకు కొత్త లీజులు 1986లో ఆపేశారు. పాత కారు డ్రమ్ము విప్పినప్పుడు కనిపించే బూడిద రంగు పొడిలో ఆ నార ఉండే అవకాశం ఉంది. షెడ్డులో కంప్రెసర్ గాలితో దాన్ని ఊదేయడం అందరూ చేసే పనే, చేయకూడని పని కూడా. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారేయడం మేలు.

ఇప్పటి ప్యాడ్లలో ఆస్బెస్టాస్ స్థానంలో ఉక్కు నార, అరామిడ్ నార, గ్రాఫైట్ వంటివి వచ్చాయి. వాటిలో నింపుడు పదార్థంగా ఎక్కువగా వాడేది బెరైటీస్ పొడి. వేడికి చెదరని బరువైన ఖనిజం అది. ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటైన మంగంపేట పూర్వపు కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోనే ఉంది. అక్కడి ఖనిజంలో ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకానికే పోతుంది. ప్యాడ్ల వాటా చిన్నది.

మార్పిడిలో మారేవి

అంబాసిడర్ యజమానికి అన్నిటికంటే సులువైన దారి చివరి తరం అంబాసిడర్‌లోని ముందు హబ్బు, డిస్కు, కాలిపర్, వాటి బ్రాకెట్, మాస్టర్ సిలిండర్, బూస్టర్లను మొత్తంగా తెచ్చుకోవడం. స్క్రాపుకు వెళ్లిన టాక్సీల నుంచి ఇవి దొరుకుతాయి. ఒకే బండికి చెందిన భాగాలు కావడంతో కొలతల గొడవ తక్కువ. పద్మినికి, లాండ్‌మాస్టర్‌కు అంత సౌకర్యం లేదు. వేరే కారు డిస్కు, కాలిపర్ తీసుకుని, హబ్బును లేత్ మీద సరిచేయించి, కాలిపర్ పట్టే బ్రాకెట్ కొత్తగా కోయించాలి.

మార్పిడి నాణ్యత తేలేది ఈ బ్రాకెట్ దగ్గరే. బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం తిప్పుడు బలమంతా దాని మీద పడుతుంది. పాత బ్యాక్ ప్లేట్ బోల్టులు ఉన్న రంధ్రాలకే దాన్ని బిగించాలి, హై టెన్సైల్ బోల్టులే వాడాలి. స్టబ్ యాక్సిల్‌కు బ్రాకెట్‌ను వెల్డింగ్ చేయడం క్షమించరాని పని. వెల్డింగ్ వేడికి ఫోర్జింగ్ ఉక్కు గుణం పోయి, అది ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. డిస్కు కాలిపర్ మధ్యలో సరిగ్గా నిలవాలి; తిరిగేటప్పుడు పక్కకు ఊగడం మిల్లీమీటరులో పదో వంతు దాటకూడదు. రిమ్ము లోపలివైపు కాలిపర్‌కు తగలకుండా ఉండాలి. కొన్ని బండ్లకు దీనికోసమే రిమ్ములు మార్చవలసి వస్తుంది.

ఇక హైడ్రాలిక్స్. డిస్కుకు స్వయం బిగింపు లేదు. ప్యాడ్ ఎంత గట్టిగా అదిమితే అంతే బ్రేకు. అందుకే కాలిపర్ పిస్టన్ పెద్దది. డ్రమ్ము వీల్ సిలిండర్ వ్యాసం 25 మిల్లీమీటర్లు, కాలిపర్ పిస్టన్ 54 మిల్లీమీటర్లు అనుకుంటే, వైశాల్యం నాలుగున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ప్యాడ్లు కదిలే దూరం కొద్దిదే అయినా మొత్తం మీద ఎక్కువ బ్రేక్ ఆయిల్ నెట్టాలి. పాత మాస్టర్ సిలిండర్‌తో పెడల్ నేలకు తగులుతుంది. పెద్ద బోరు మాస్టర్ సిలిండర్ పెడితే పెడల్ పైకి వస్తుంది, కానీ అదే కాలి బలానికి ప్రెషర్ తగ్గి పెడల్ రాయిలా గట్టిబడుతుంది. ఈ చిక్కును విప్పడానికే వాక్యూమ్ బూస్టర్. బూస్టర్ లేకుండా డిస్కులు వేయించుకుని బ్రేకులు పట్టడం లేదని తిరిగి షెడ్డుకు వచ్చే బండ్ల జబ్బు చాలాసార్లు ఇదే.

డ్రమ్ముల మాస్టర్ సిలిండర్‌లో ఇంకో ఇబ్బంది దాగి ఉంటుంది. వీల్ సిలిండర్ రబ్బరు బకెట్లు గాలి పీల్చకుండా, పైపుల్లో చదరపు అంగుళానికి పది పౌండ్ల దాకా ప్రెషర్ నిలిపి ఉంచే చిన్న వాల్వు అది. డ్రమ్ములో దానికి ఎదురుగా షూల స్ప్రింగులుంటాయి. డిస్కుకు స్ప్రింగులు లేవు కాబట్టి ఆ ప్రెషరుకు ప్యాడ్లు డిస్కును వదలవు. బండి బరువుగా నడుస్తుంది, డిస్కు కాగుతుంది. ముందు చక్రాల లైను నుంచి ఆ వాల్వు తీసేయాలి. వెనక డ్రమ్ముల లైనులో ఉంచాలి.

వెనక చక్రాల సమతూకం మరొకటి. బ్రేకు వేయగానే బరువు ముందుకు తూగుతుంది, వెనక టైర్ల పట్టు తగ్గుతుంది. వెనక చక్రాలు ముందు లాక్ అయితే బండి తోక తిరుగుతుంది. బూస్టర్ రెండు లైన్లకూ ప్రెషర్ పెంచుతుంది గనక, వెనక డ్రమ్ములు అవసరానికి మించి పట్టే ప్రమాదం ఉంది. వెనక లైనులో ప్రెషర్ తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టి, ఖాళీ రోడ్డు మీద ముందు చక్రాలే ముందు లాక్ అయ్యేలా సర్దాలి. వెనక కూడా డిస్కులు పెడితే హ్యాండ్ బ్రేకు ఏర్పాటు కొత్తగా చేసుకోవాలి. పాత కార్లకు అంత శ్రమ అవసరం లేదు.

ఈ మార్పులన్నిటిలో విలువైనది, బయటికి కనిపించనిది రెండు గదుల టాండమ్ మాస్టర్ సిలిండర్. 1960ల కార్లలో నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఒక రబ్బరు పైపు పగిలితే, ఒక వీల్ సిలిండర్ కారితే నాలుగు బ్రేకులూ పోతాయి. టాండమ్ సిలిండర్‌లో ముందు చక్రాలకు, వెనక చక్రాలకు వేర్వేరు లైన్లు. ఒకటి పోయినా రెండోది బండిని ఆపుతుంది. డిస్కుల పుణ్యమని యజమానులు చెప్పుకునే భద్రతలో సగం ఈ సిలిండర్‌ది, పనిలో పనిగా మార్చిన కొత్త రబ్బరు పైపులది. ఘాట్ ఎక్కని, ఊళ్లోనే తిరిగే బండికి డ్రమ్ములు ఉంచి టాండమ్ సిలిండర్ ఒక్కటే వేయించుకోవడం తెలివైన ఖర్చు.

పైపుల విషయంలో ఒక మాట. రాగి పైపు వంచడం సులువని కొన్ని షెడ్లలో దాన్నే వాడతారు. అదురుకు రాగి అలసిపోయి చిట్లుతుంది. బ్రేకు లైనుకు ఉక్కు పైపే ఉండాలి, కొసలు రెండు మడతల ఫ్లేరింగుతో ఉండాలి.

జీపుల సంగతి

విల్లీస్ నమూనా మహీంద్రా జీపులకు ముందు తొమ్మిది అంగుళాల చిన్న డ్రమ్ములు ఉండేవి. సీమ పల్లెల్లో షేర్ జీపులుగా తిరిగిన మహీంద్రా కమాండర్లు సీట్ల లెక్కకు రెట్టింపు మందిని మోసేవి. టాపు మీద మూటలు వేరు. ఆ బరువుకు తొమ్మిది అంగుళాల డ్రమ్ములు ఏ మూలకూ చాలవు. అందుకే డిస్కుల కంటే ముందే పదకొండు అంగుళాల డ్రమ్ములకు మారడం జీపుల వాళ్లకు అలవాటు. ఇప్పటికీ కొండ దారులు తక్కువగా ఉన్నవారికి అదే చౌకైన మార్గం.

డిస్కులు కావాలనుకునేవారు బొలెరో వంటి తర్వాతి మహీంద్రా బండ్ల డిస్కు, కాలిపర్ తీసుకుని జీపు నకిల్‌కు బ్రాకెట్ చేయిస్తారు. ఇక్కడ మూడు ప్రత్యేకతలున్నాయి. మొదటిది, పాత విల్లీస్‌లకు ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మరలు ఉంటాయి. తెలియని కుర్రాడు స్పానరు మీద ఎక్కి నిలబడి విప్పబోయి స్టడ్డు విరగ్గొట్టిన కథలు ప్రతి షెడ్డులోనూ వినిపిస్తాయి. కొత్త హబ్బు వస్తే ఆ తేడా పోతుంది. రెండోది, మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద, కాలిపర్ల కంటే తక్కువ ఎత్తులో ఉంటుంది. బండి నిలిపి ఉంచితే కాలిపర్ల ఆయిల్ వెనక్కి జారి, మొదటి తొక్కుడులో పెడల్ లోపలికి పోతుంది. దీనికి చదరపు అంగుళానికి రెండు పౌండ్ల ప్రెషర్ నిలిపే వాల్వు ముందు లైనులో వేస్తారు.

మూడోది డీజిల్ ఇంజిన్. పెట్రోలు ఇంజిన్ తన ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచే బూస్టరుకు వాక్యూమ్ ఇస్తుంది. ప్యుజో ఎక్స్‌డీపీ వంటి జీపు డీజిల్ ఇంజిన్లకు థ్రాటిల్ లేదు కాబట్టి వాక్యూమ్ పుట్టదు. ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు ఉన్నదాన్ని వేయాలి. ఘాట్‌లో ఇంజిన్ ఆపేసి దిగేవారికి బూస్టర్ రెండు మూడు తొక్కుళ్లకే పనిచేయడం మానేస్తుంది.

బ్రేక్ ఆయిల్, అమర్చాక చూడవలసినవి

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దగ్గర మరగాలి, తేమ పట్టాక 140 డిగ్రీలు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. కాలిపర్ పిస్టన్ వేడి ప్యాడ్ వెనకే ఉంటుంది గనక, డిస్కు బండికి డాట్ 4 మేలు. ఘాట్ దిగాక పెడల్ స్పాంజిలా మెత్తబడితే ఆయిల్ మరిగి లైనులో ఆవిరి చేరిందన్నమాట. పొడి వాతావరణంలో తేమ నెమ్మదిగా పడుతుంది, అది సీమకు కలిసొచ్చే విషయమే. కానీ నెలల తరబడి కదలని పాత కారులో ఆయిల్ వయసు కిలోమీటర్లతో తెలియదు, రెండేళ్లకోసారి మార్చాలి. మట్టి నూనె, ఇంజిన్ ఆయిల్ చుక్క కలిసినా రబ్బరు బకెట్లు ఉబ్బి పాడవుతాయి.

ఎయిర్ తీసేటప్పుడు బ్లీడర్ నిప్పుల్ కాలిపర్‌కు పైకొసన ఉండాలి. ఎడమ కాలిపర్ కుడివైపు, కుడిది ఎడమవైపు బిగిస్తే నిప్పుల్ కిందికి పోతుంది. ఎంతసేపు తొక్కినా గాలి పైనే ఉండిపోతుంది. రోజంతా ఎయిర్ తీసినా పెడల్ గట్టిపడకపోతే మొదట చూడవలసింది ఇదే.

కొత్త ప్యాడ్లు డిస్కు మీద కుదురుకునే దాకా బ్రేకు పూర్తి బలం రాదు. యాభై కిలోమీటర్ల వేగం నుంచి పదిహేనుకు, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పలుమార్లు తగ్గించాలి. బోల్టుల బిగింపు, లీకులు మొదటి వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడాలి. పాత సన్నటి టైర్ల మీద డిస్కులు వేయించడం డబ్బు దండగ. ఆగే దూరాన్ని నిర్ణయించేది వాటి పట్టే.

చట్టం

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ వాహనంలో చేసే మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు మూల నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీయే అదే మోడల్‌కు ఇచ్చిన డిస్కు అమరికకు, లేత్ మీద చేయించిన సొంత అమరికకు మధ్య తేడా ఇక్కడ ముఖ్యమవుతుంది. కర్నూలు ఏపీ 21, కడప ఏపీ 04 సిరీస్ బండ్లు పదిహేనేళ్లు దాటాక రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు తనిఖీకి వెళ్లక తప్పదు. ముందే రవాణా కార్యాలయాన్ని అడిగి, మార్పును బీమా సంస్థకు రాసి ఇవ్వడం మంచిది.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు వేరే దారి ఉంది. కేంద్రం 2021 జులైలో ప్రకటించిన నిబంధనల ప్రకారం అలాంటి ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ వాహనాలుగా నమోదు కావచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ నమోదుకు 5,000. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. వాటిని రోజువారీ తిరుగుడుకు గానీ వ్యాపారానికి గానీ వాడకూడదు. వాహనం అసలు రూపంలోనే ఉండాలని, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదని షరతు. ఆ పెద్ద మార్పుల వివరణలో బ్రేకుల పేరు లేదు, అయినా అసలు రూపం అన్న మాటకు అధికారి ఏ అర్థం చెబుతాడన్నది మిగిలే ఉంది. అందుకే వెల్డింగ్ లేకుండా, పాత రంధ్రాలకే బిగించిన మార్పిడికి అదనపు విలువ: బోల్టులు విప్పితే బండి మళ్లీ డ్రమ్ములకు మారుతుంది. విప్పిన డ్రమ్ములు, బ్యాక్ ప్లేట్లు, షూలకు గ్రీజు రాసి దాచుకోవాలి. లాండ్‌మాస్టర్, హెరాల్డ్ వంటి కార్ల డ్రమ్ములు ఒకసారి పాత ఇనుముకు పోతే మళ్లీ దొరకడం కష్టం.